సొట్ట

ఎనిమిదో నంబరు అద్దాల పెట్టెల
ఒక వెండి ఉగాల్‌దాన్ ఉంది.
కింద చీటీ: "పంతొమ్మిదో శతాబ్దం.
నవాబు గారు పాన్ నమిలి ఉమ్మేందుకు వాడినది."
ఉమ్మినోని ముచ్చట రాసిన్రు.
కడిగినామె పేరు నాకు తెలుసు.

పెంటవ్వ. మా నాయిన తల్లి.
ముందుగాల పుట్టినోళ్ళు ముగ్గురు నిలవకపోతే
కుప్ప మీద పండవెట్టి పెట్టిన్రంట ఆ పేరు.
పద్నాలుగేండ్లకు ఈ దేవిడీల అడుగు పెట్టింది,
ముందటి కమాను నుంచి కాదు,
గుర్రాల పాక పక్క సందులకెళ్ళి.
చింతపండు పులుసు, ఇటుక పొడి, కొబ్బరి పీచు,
తెల్లారంగ కూసుంటే జోహర్ నమాజు దాకా
వెండి తోముడే.
ఇంట్ల మాత్రం సత్తు గిన్నె.
సచ్చేదాకా చేతులు పుల్లగ వాసనొచ్చేవి.
నాకు బువ్వ కలిపి పెడుతుంటే
చారు వేరే ఎందుకనిపించేది.

ఇప్పుడు దేవిడీ రెండు ముక్కలు.
తూర్పు దిక్కు హోటలు, పడమటి దిక్కు మ్యూజియం,
నడుమ నీళ్ళ హౌజు.
హోటల్ల ఒక రాత్రి పండుకుంటే నా ఏడు నెలల జీతం.
వచ్చినోళ్ళ నెత్తి మీద
పైనుంచి గులాబీ రేకులు చల్లుతరు.
వాళ్ళు నవ్వుకుంట మెట్లెక్కుతరు.
పది నిమిషాలకు నేను చీపురు పట్టుకొని పోత.
రేకులు పాలరాతికి అంటుకుంటయి,
ఊడిస్తే రావు,
వంగి గోటితోని తియ్యాలె.

నాకు ఇయ్యాల్టికీ ముందటి కమాను లేదు.
గుర్రాల పాక జాగల స్టాఫ్ గేటు,
వేలు పెడితే తెరుచుకునే మిషను.
ఫినాయిలు నీళ్ళకు గీతలు అరిగినయి కదా,
రెండుసార్లు నన్నెరగనంటది,
మూడోసారి లోపటికి రానిస్తది.

ఉగాల్‌దాన్ కడుపు కాడ ఒక సొట్ట.
గైడు వహీదుద్దీన్ రోజూ చూపెడ్తడు,
"ఇట్ల పక్కకొచ్చి వంగి చూడుండ్రి.
ఆ రాత్రి రెసిడెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది.
నవాబు గారు చదివిన్రు.
ఒక్క మాట అనలేదు.
దీన్ని తీసి గోడకేసి కొట్టిన్రు."
జనం "అబ్బా" అంటరు. ఫోన్లు లేపుతరు.
మొన్న ఒక పెండ్లి జంట,
పిలగానికి కిరాయి షేర్వానీ, వెనక పిన్నులు పెట్టి బిగించిన్రు,
ఆ సొట్ట పక్కనే కోపంగ నిలవడి ఫోటో దిగిండు.

కాదు.
అది శ్రావణం వాన.
బావి గట్టు పాకురు పట్టి ఉంది.
పెంటవ్వకు ఆరో నెల, కడుపుల మా నాయిన.
కాలు జారింది.
రెండు చేతులూ కడుపు మీదికే పోయినయి.
ఇది బండ మీద పడ్డది.
దరోగా ఆరు వారాల కూలి కోసిండు.

"వెండిని పట్టుకునేదుంటే
నువ్వు యాడికెళ్ళి వస్తుంటివే" అని
అవ్వ నవ్వేది,
బోసి నోట్ల జొన్నరొట్టె నాననిచ్చుకుంట.

ఒకసారి వహీద్ భాయ్‌కి చెప్పిన ఇదంతా.
మంచోడు. టిఫిన్ డబ్బల సగం కిచిడీ నాకు పెట్టి
మొత్తం విన్నడు.
"బాత్ సహీ హై అక్కా," అన్నడు,
"కానీ టిప్పు నవాబు కోపానికే వస్తది."
ఆయనకూ ముగ్గురు పిల్లలు.
నేనేమంట.

శుక్రారం మ్యూజియం బందు.
పెద్ద మేడం పెట్టె తాళం తీస్తది.
నాకు తెల్ల చేతితొడుగులు ఇస్తరు,
వెండికి చెమట తగలొద్దంట.
మేడంకు సొట్ట కనపడుడు పసందు లేదు,
గోడ దిక్కు తిప్పి పెట్టమంటది.
నేను తుడిచి పెట్టేటప్పుడు
ఒక బియ్యపు గింజంత ఇటు జరుపుత.
మల్ల శుక్రారం ఇంకో గింజంత.

బోనాల నాడు మొదలు పెడితే
దీపావళికి సగం ఇటు తిరిగింది.
మేడం చూసింది, కండ్లద్దాలు తీసి మల్ల చూసింది.
"ఇదెట్ల కదిలింది?"
"రోడ్డు మీద లారీలు పోతుంటే అదురుతదేమో మేడం" అన్న.
మల్ల గోడ దిక్కు పెట్టించింది.

నిన్న శుక్రారం.
మల్ల షురూ చేసిన.